తృణధాన్యం నుంచి సిరిధాన్యం దాకా: సైబరాబాద్ విపణి, గ్రామీణ ఆహారోత్పత్తి సముదాయాల చరిత్ర

వ్యాస సంగ్రహం

గ్రామాలలోని చిన్న ఆహారోత్పత్తిదారులు విడివిడిగా బలహీనులు. వారే ఒక ప్రాంతంలో కూడి నైపుణ్యాన్ని, యంత్రాన్ని, పేరును ఉమ్మడి ఆస్తిగా నిలుపుకొన్నప్పుడు పెద్ద విపణిలో పోటీకి నిలవగలుగుతారు. ఈ పరిణామాన్ని ఆత్రేయపురం పూతరేకులు, జహీరాబాద్ చిరుధాన్యాలు, ముల్కనూరు సహకార వ్యవస్థ అనే మూడు ఉదాహరణల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. హైటెక్ సిటీ ఆవిర్భావంతో ఏర్పడిన కొత్త కొనుగోలుదారుల వర్గం ఈ ఉత్పత్తులపై చూపిన ప్రభావాన్ని, ఆ క్రమంలో ఆహారపదార్థాల పేర్లలో వచ్చిన అర్థపరిణామాన్ని చర్చిస్తుంది. పేరుకు విలువ పెరిగినంత మాత్రాన ఆ విలువ ఉత్పత్తిదారుకు చేరదనీ, ఉమ్మడి ఆస్తిపై అధికారం ఎవరిదన్నదే సముదాయ భవిష్యత్తును నిర్ణయిస్తుందనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఉత్పత్తి సముదాయం, పూతరేకులు, చిరుధాన్యాలు, సహకారం, భౌగోళిక గుర్తింపు, సైబరాబాద్, అర్థపరిణామం.

1. ప్రస్తావన

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి దానిని ప్రారంభించారు. రెండు నెలలు గడిచాక, 1999 జనవరి 26న, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు మొదలయ్యాయి. రెండూ ఒకే ప్రభుత్వం చేపట్టిన పనులు. మొదటిది సాఫ్ట్‌వేర్ సంస్థలను ఒకచోట చేర్చే ప్రయత్నం. రెండవది దళారి ప్రమేయం లేకుండా రైతును నగరవాసి ఎదుట నిలబెట్టే ప్రయత్నం. హైదరాబాదు ఆధునిక చరిత్ర రాసినవారు మొదటి సంఘటనకు ఇచ్చిన స్థానం రెండవదానికి ఇవ్వలేదు. రెండింటినీ పక్కపక్కన ఉంచి చూసినప్పుడే ఈ వ్యాసం ఎత్తుకున్న ప్రశ్న స్పష్టమవుతుంది.

సాఫ్ట్‌వేర్ సంస్థలు ఒకచోట చేరితే ప్రయోజనం ఉంటుందని గుర్తించిన ప్రభుత్వాలు వాటికి భూమి, రహదారి, విద్యుత్తు ఒకేచోట సమకూర్చాయి. అదే సూత్రం పల్లెలోని ఆహారోత్పత్తిదారులకు వర్తిస్తుందా? వర్తిస్తే వారు ఒకచోట చేరడానికి ఏ పరిస్థితులు తోడ్పడ్డాయి? చేరినందువల్ల కలిగిన లాభం ఎవరికి దక్కింది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెదకడం వ్యాసోద్దేశం.

విషయం ఆర్థికశాస్త్రానికి చెందినదిగా కనిపించినా తెలుగు పరిశోధకులకు ఇందులో పని ఉంది. ఆహారపదార్థం విపణిలోకి వెళ్ళేటప్పుడు దానితోపాటు ఒక మాట కూడా వెళుతుంది. పూతరేకు, తొక్కుడు లడ్డు, సకినం, గటక, సిరిధాన్యం అనే మాటలు వృత్తిచరిత్రను, కులచరిత్రను, స్త్రీల శ్రమచరిత్రను తమలో దాచుకొన్నాయి. ఆ మాటలను పక్కనపెట్టి ఈ చరిత్రను రాయడం సాధ్యం కాదు.

2. సముదాయం: భావన, తెలుగు నుడి

ఒకే వృత్తి చేసే చిన్న ఉత్పత్తిదారులు ఒక ప్రాంతంలో గుమిగూడడం వల్ల కలిగే లాభాలను ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లో ప్రచురించిన ఆర్థికశాస్త్ర గ్రంథంలో వివరించాడు. నిపుణులైన పనివారు సులభంగా దొరకడం, అనుబంధ వృత్తులు చుట్టూ పెరగడం, పనిలోని మెలకువలు ఒకరి నుంచి మరొకరికి పాకడం అనేవి ఆయన చెప్పిన మూడు ప్రయోజనాలు. 1979లో ఇటలీ ఆర్థికవేత్త జాకొమో బెకాత్తిని ఈ భావనను తిరిగి చర్చకు తెచ్చాడు. 1990లో మైకేల్ పోర్టర్ 'క్లస్టర్' అన్న మాటకు విస్తృత ప్రచారం కల్పించాడు. ఒకే ప్రాంతంలోని ఉత్పత్తిదారులు కొన్ని విషయాలలో పోటీపడుతూ, మరికొన్ని విషయాలలో సహకరించుకుంటూ ఉండడమే క్లస్టర్ బలమని ఆయన వాదన. ఈ వ్యాసంలో దీనిని 'ఉత్పత్తి సముదాయం' అని వ్యవహరించడం జరిగింది.

భావన తెలుగువారికి కొత్తది కాదు. వృత్తిని బట్టి ఏర్పడిన వాడలు, పేటలు మన ఊళ్ళ రూపురేఖలలోనే ఉన్నాయి. కుమ్మరివాడ, సాలెవాడ వంటి పేర్లు ఇందుకు నిదర్శనం. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట, మంగళగిరి, వెంకటగిరి అనగానే చీర గుర్తుకు వస్తుంది. అయితే నేత, లోహపు పని, మట్టిపని వాడలుగా స్థిరపడినట్లు వంట స్థిరపడలేదు. వంట ఇంటిలోపలి పనిగా, స్త్రీ చేసే పనిగా, వెల కట్టని పనిగా ఉండిపోయింది. సంక్రాంతికి ముందు తెలంగాణ పల్లెలలో ఇరుగుపొరుగు స్త్రీలు ఒక ఇంట చేరి సకినాలు చుట్టి, మరునాడు మరొక ఇంటికి వెళ్ళడం శ్రమ వినిమయమే. అది బదులు పని. అందులో కూలి లేదు, అమ్మకం లేదు. సముదాయానికి కావలసిన నైపుణ్యం, కలిసి పనిచేసే అలవాటు రెండూ అక్కడ ఉన్నాయి. విపణి మాత్రం లేదు. కనుక గ్రామీణ ఆహారోత్పత్తి సముదాయాల చరిత్ర అంటే ప్రధానంగా ఇంటిపని అమ్మకపు పనిగా మారిన చరిత్ర.

3. ఆత్రేయపురం: విభజించుకున్న నైపుణ్యం

గోదావరి డెల్టాలో, ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన, నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో ఆత్రేయపురం ఉంది. పూతరేకు అన్న సమాసంలోనే తయారీ విధానం ఇమిడి ఉంది. నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, పలుచని జారుగా కలుపుతారు. ప్రత్యేకంగా చేయించిన కుండను బోర్లించి, లోపల ఎండు కొబ్బరాకులతో మంట పెడతారు. పలుచని గుడ్డను ఆ జారులో ముంచి కుండ వీపు మీద ఒక్కసారి లాగుతారు. పూత క్షణంలో ఆరి రేకుగా లేస్తుంది. ఆ రేకుకు నెయ్యి రాసి, చక్కెర పొడి గాని బెల్లం పొడి గాని చల్లి మడుస్తారు. పూత వల్ల ఏర్పడిన రేకు కనుక పూతరేకు.

ఈ తయారీలో సముదాయ నిర్మాణానికి అనుకూలమైన ఒక లక్షణం ఉంది. రేకు తీయడం, రేకు చుట్టడం అనేవి రెండు వేర్వేరు పనులు. రేకు పొడిగా ఉన్నంతకాలం నిలువ ఉంటుంది, ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి ప్రయాణిస్తుంది. అందువల్ల రేకులు తీసే ఇళ్ళు కొన్ని, వాటిని కొని చుట్టే ఇళ్ళు కొన్ని, అమ్మే దుకాణాలు కొన్ని ఏర్పడ్డాయి. వీటికి తోడు కుండ చేసే కుమ్మరి, నెయ్యి ఇచ్చే పాడి ఇల్లు, కొబ్బరాకు తెచ్చే తోట, పెట్టెలు అందించే వ్యాపారి చేరారు. మార్షల్ చెప్పిన అనుబంధ వృత్తులు ఇవే. పెట్టుబడి లేని స్త్రీ కూడా ఒక కుండతో, ఒక గుడ్డముక్కతో ఈ గొలుసులో ఒక కొసన ప్రవేశించగలదు. పని విడదీయడానికి వీలున్నచోటనే సముదాయం పెరుగుతుందన్న సూత్రానికి ఇది చక్కని ఉదాహరణ. పొయ్యి మీద నుంచి దించీ దించగానే తినవలసిన వంటకానికి ఈ అవకాశం లేదు.

ఇక్కడ సంప్రదాయం గురించి ఒక మాట చెప్పవలసి ఉంది. రేకులకు 'జయ' రకం బియ్యం శ్రేష్ఠమని తయారీదారులు చెబుతారు. జయ అనే పొట్టి వరి వంగడం 1968లో విడుదలైంది. హైదరాబాదు రాజేంద్రనగర్ కేంద్రంగా నడిచిన అఖిల భారత సమన్విత వరి అభివృద్ధి పథకం దానిని రూపొందించింది. అంటే అనాదిగా వస్తున్నదని మనం భావించే మిఠాయికి నేడు ఆధారమైన బియ్యపు పేరు హరితవిప్లవ కాలానిది. పాతదనం, కొత్తదనం అనే విభజన ఇలాంటిచోట నిలవదు. సంప్రదాయ వృత్తి తనకు అనువైన కొత్తదానిని ఎప్పటికప్పుడు లోపలికి తీసుకుంటూనే సంప్రదాయంగా కొనసాగుతుంది.

2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించింది. సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టుకున్న స్థానిక తయారీదారుల సంక్షేమ సంఘం ఇందుకు దరఖాస్తు చేసింది. ఆనకట్ట కట్టించిన ఇంజనీరు పేరును మిఠాయి తయారీదారుల సంఘం ధరించడం యాదృచ్ఛికం కాదు. 1847-1852 మధ్య నిర్మించిన ఆ ఆనకట్ట నీటితో స్థిరపడిన వరి, కొబ్బరి, పాడి కలిసిన ఫలితమే పూతరేకు.

4. జహీరాబాద్: కలిసి నిలిచిన స్త్రీలు

హైదరాబాదుకు పడమరగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, ముంబయి వెళ్ళే జాతీయ రహదారిపై జహీరాబాద్ ఉంది. డెల్టాకు ఇది పూర్తిగా భిన్నమైన నేల. కాలువ నీరు లేదు. వర్షాధారపు చేలలో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, అనుము, నువ్వు, కుసుమ వంటి పంటలను కలిపి వేయడం ఇక్కడి పద్ధతి. ఒకే చేనులో ఇరవై దాకా పంటలు వేసే రైతులు ఉన్నారు. ఒకటి పోయినా మరొకటి నిలుస్తుందన్నది దీని వెనుక ఉన్న తర్కం.

1983లో రెండు సంఘటనలు ఈ ప్రాంతపు ఆహారచరిత్రను మలుపు తిప్పాయి. ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రవేశపెట్టింది. అదే సంవత్సరం పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడింది. మొదటిది ఆకలి తీర్చింది. పండుగనాడు మాత్రమే అన్నం ఎరిగిన ఇళ్ళలో రోజూ అన్నం ఉడికింది. దాని మేలును తక్కువ చేయడానికి వీలు లేదు. అయితే చౌకబియ్యం వచ్చాక జొన్న వేయవలసిన అవసరం తగ్గింది. బీడుపడిన చేలు పెరిగాయి. జొన్నతోపాటు పశువుల మేత, చేనిపని కూలి, విత్తనం దాచే విద్య కూడా సన్నగిల్లాయి.

ఈ స్థితికి ప్రతిస్పందనగా సొసైటీ ఆధ్వర్యంలోని మహిళా సంఘాలు 1990ల మధ్యలో ప్రత్యామ్నాయ ప్రజాపంపిణీ పద్ధతిని నిర్మించాయి. బీడు భూములను సాగులోకి తెచ్చేందుకు రైతుకు అప్పు ఇస్తారు. రైతు ఆ అప్పును డబ్బుగా కాక జొన్నల రూపంలో తీరుస్తాడు. ఆ జొన్నలను ఊరిలోనే నిలువచేసి పేద కుటుంబాలకు తక్కువ ధరకు ఇస్తారు. ఎవరు పేదలన్నది ఊరివారే కలిసి నిర్ణయిస్తారు. ఈ సంఘాలలోని సభ్యులు ప్రధానంగా దళిత స్త్రీలు. సుమారు 75 గ్రామాలలో సుమారు 5,000 మంది ఈ సంఘాలలో ఉన్నారు. ఏటా సంక్రాంతి సమయంలో మొదలై ఊరూరా విత్తనాల బండ్లతో సాగే పాత పంటల జాతర, 2008 అక్టోబరు 15న మాచనూరులో మొదలైన సంఘం రేడియో, జహీరాబాదులో నడిపిన చిరుధాన్య భోజనశాల ఈ కృషికి కొనసాగింపులు. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం సంస్థకు లభించింది. సంస్థ నిర్మాతలలో ముఖ్యుడైన పి.వి. సతీశ్ 2023లో కన్నుమూశారు.

సముదాయ దృష్టితో చూస్తే జహీరాబాద్ బలం సంఘటనలో ఉంది. విత్తనం ఉమ్మడి ఆస్తి. దాని వినిమయానికి నియమాలు ఉన్నాయి. బయటి ప్రపంచంతో మాట్లాడే గొంతు కూడా సంఘానిదే. అయితే ఒక చోట గొలుసు బలహీనమైనది. జొన్న, సజ్జ, రాగి గింజలకు విడిగా పొట్టు తీయనక్కరలేదు. కొర్ర, సామ, ఊద, వరిగ, ఆరిక గింజలకు గట్టి పొట్టు ఉంటుంది. దానిని తీయడానికి రోలు, రోకలి, విసుర్రాయి, చేట తప్ప పల్లెలో వేరే సాధనం ఉండేది కాదు. వరికి ఊరూరా మరలు వచ్చాయి గాని చిన్నగింజల ధాన్యాలకు రాలేదు. ఈ పంటలు పళ్లెం నుంచి తప్పుకోవడానికి చౌకబియ్యం ఎంత కారణమో, దంచలేక అలసిన స్త్రీల చేతులు అంత కారణం. ఈ రెండవ కారణాన్ని చిరుధాన్యాలను కీర్తించే నేటి రచనలు తరచుగా విస్మరిస్తాయి. పొట్టు తీసే యంత్రం ఎక్కడ ఉంటే అక్కడికి గింజ వెళుతుంది, గింజతో పాటు లాభమూ వెళుతుంది.

5. పేరు మారిన ధాన్యం

ఈ ధాన్యాలన్నిటికీ కలిపి పల్లె రైతు వాడే ఒక్క మాట లేదు. కొర్రను కొర్ర అంటాడు, సామను సామ అంటాడు. ఒకే ధాన్యానికి ప్రాంతాన్ని బట్టి పేరు మారుతుంది. రాగి రాయలసీమలో రాగి, తెలంగాణలో తైద, ఉత్తరాంధ్రలో చోడి. వండిన రూపానికీ అంతే. సంకటి, గటక, అంబలి, రొట్టె అనే మాటలు ఒక్కొక్కటి ఒక్కొక్క సీమను పట్టి ఇస్తాయి. ఇన్ని పేర్లు ఉండడం ఆ ధాన్యాలు ఇంటి అవసరాలకు ఎంత దగ్గరగా ఉండేవో చెబుతుంది. సమూహవాచకం అవసరమయ్యేది బయటినుంచి చూసేవారికే. అధికారికి, శాస్త్రవేత్తకు, వ్యాపారికి.

అలా వచ్చిన తొలి సమూహవాచకాలలో 'తృణధాన్యం' ఒకటి. అమరకోశం ఈ మాటను నీవారానికి, అంటే విత్తకుండా మొలిచే ధాన్యానికి వాడింది. అక్కడ నింద లేదు, అది మునుల ఆహారం. తెలుగు వాడుకలో 'తృణప్రాయం', 'తృణీకారం' వంటి మాటల సాహచర్యం వల్ల తృణధాన్యమన్నదానికి తక్కువ ధాన్యమన్న ఛాయ అంటుకొంది. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న పల్నాటి చాటువులు జొన్నకూటిని ఎత్తిపొడవడం మనకు తెలిసినదే. వరి అన్నం నాగరికతకు, జొన్నకూడు మొరటుతనానికి గుర్తులుగా నిలిచిన దృష్టి అది. పలనాటి రైతు తిన్న ఆహారాన్ని పలనాటి రైతు కంటితో చూసిన చాటువు మనకు ప్రసిద్ధం కాలేదు.

ఆధునిక కాలంలో పరిమాణసూచకమైన 'చిరుధాన్యం' స్థిరపడింది. 2018లో కేంద్రప్రభుత్వం వీటిని పోషక ధాన్యాలుగా ప్రకటించింది. ఆ కాలంలోనే మైసూరులో స్థిరపడిన ప్రొద్దుటూరు వాస్తవ్యుడు డాక్టర్ ఖాదర్ వలి ఉపన్యాసాల ద్వారా 'సిరిధాన్యం' అన్న కన్నడ ప్రయోగం తెలుగునాట ఇంటింటికీ చేరింది. ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరంగా ప్రకటించిన 2023లో కేంద్ర బడ్జెట్ ప్రసంగం 'శ్రీ అన్న' అన్న పేరును ముందుకు తెచ్చింది. 'సిరి' అనేది 'శ్రీ' శబ్దానికి తద్భవం. కనుక సిరిధాన్యం, శ్రీ అన్న అనేవి ఒకే ఆకాంక్షకు తద్భవ, తత్సమ రూపాలు. గడ్డిపరక నుంచి లక్ష్మి దాకా సాగిన ఈ ప్రయాణం అర్థోత్కర్షకు తెలుగులో అరుదైన ఉదాహరణ. గింజ మారలేదు, తినేవారు మారారు. పేరు వారితో మారింది.

6. ముల్కనూరు: ప్రసిద్ధ వస్తువు లేని సముదాయం

నేటి హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరుకు పూతరేకు వంటి ప్రత్యేక వంటకం గాని, జహీరాబాద్ వంటి పంటల వైవిధ్యం గాని ప్రసిద్ధి తేలేదు. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి నాయకత్వంలో ఏర్పడిన సహకార సంఘమే దాని ప్రసిద్ధికి కారణం. అప్పు, ఎరువు, విత్తన శుద్ధి, ధాన్యపు మర, అమ్మకం అనే పనులను ఒకే సంఘం చేపట్టింది. అప్పు ఒకరి వద్ద, అమ్మకం మరొకరి వద్ద ఉన్నప్పుడు రైతు ఇద్దరికీ లొంగుతాడు. రెండూ తన సంఘంలోనే ఉన్నప్పుడు ఆ బంధం తెగుతుంది.

1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ప్రభుత్వ జోక్యం లేని సహకారానికి దారి తెరిచింది. ఆ చట్టం కింద, సహకార వికాస సంస్థ తోడ్పాటుతో, అంతకుముందే పొదుపు సంఘాలు నడిపిన అనుభవం గల స్త్రీలు ఈ ప్రాంతంలో పాల ఉత్పత్తిదారుల సమాఖ్యను ఏర్పరిచారు. సభ్యులూ, పాలకవర్గమూ స్త్రీలే. వారి పాలకు, పెరుగుకు పెట్టుకున్న పేరు 'స్వకృషి'. ఈ పేరు వంటకాన్ని గాని, స్థలాన్ని గాని చెప్పదు. ఉత్పత్తిదారు తనకు తాను ఏమిటో చెబుతుంది. ఈ సంస్థ మహానగరపు మోజు మీద ఆధారపడక చుట్టుపక్కల పట్టణాల నిత్యావసరం మీద నిలబడింది. పాలు ప్రత్యేక వస్తువు కావు. ఎవరి గేదె ఇచ్చినా పాలే. పోటీ శక్తి వస్తువు ప్రత్యేకత వల్లనే కాక, కొలత నిజాయితీ వల్ల, చెల్లింపు క్రమం వల్ల, శీతలీకరణ యంత్రం ఉమ్మడి చేతిలో ఉండడం వల్ల కూడా వస్తుందని ముల్కనూరు నిరూపించింది.

7. సైబరాబాద్ విపణి

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ నిన్నమొన్నటి వరకు చేలూ చెరువులూ ఉన్న పల్లెలు. ఆ పల్లెల నేల మీద వెలసిన కార్యాలయాలకు గోదావరి జిల్లాల నుంచి, రాయలసీమ నుంచి, తెలంగాణ జిల్లాల నుంచి యువతరం తరలివచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఇళ్ళలో అరిసెలు వత్తే తీరిక లేదు, అరిసెల మీద మమకారం మాత్రం ఉంది. నగరమంతటా వెలసిన 'స్వగృహ' దుకాణాలు ఈ ఖాళీని నింపాయి. స్వగృహం అంటే తన ఇల్లు. అమ్మకానికి పెట్టిన పిండివంటకు ఆ పేరు పెట్టడంలోనే కొనుగోలుదారు దేనిని పోగొట్టుకున్నాడో తెలుస్తుంది. క్రమంగా స్వగృహ అన్న మాట ఒక దుకాణం పేరుగా కాక, ఆ రకపు దుకాణాలన్నిటికీ జాతివాచకంగా మారింది.

చిరుధాన్యాలకు ఇదే విపణి వేరొక కారణంతో తెరుచుకొంది. కూర్చుని చేసే ఉద్యోగం, మధుమేహ భయం కలిసి నగరవాసిని జొన్నరొట్టె వైపు, కొర్రన్నం వైపు మళ్ళించాయి. విత్తన పరిశోధన కూడా ఈ నగరపు అంచులలోనే ఉంది. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్, రాజేంద్రనగర్‌లో జొన్న పరిశోధన కేంద్రంగా 1987లో మొదలై తరవాత భారత చిరుధాన్య పరిశోధన సంస్థగా రూపొందిన సంస్థ పనిచేస్తున్నాయి. రెండవదానికి అనుబంధమైన న్యూట్రిహబ్ కొత్త సంస్థలకు యంత్రాలను, శిక్షణను అందిస్తున్నది. పొలానికి, పరిశోధనకు, కొనుగోలుదారుకు మధ్య వంద కిలోమీటర్ల లోపే దూరం ఉన్న ఇటువంటి ప్రాంతం దేశంలో అరుదు.

అయినా ఈ దగ్గరితనం వల్ల లాభం సమానంగా పంపిణీ కాలేదు. నగర విపణి గింజను గింజగా కొనదు. శుభ్రపరిచి, పొట్టు తీసి, పొట్లం కట్టి, ముద్ర వేసి, ఇంటి గుమ్మానికి చేర్చిన రూపంలో కొంటుంది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం చిన్న తయారీదారు సైతం నమోదు చేసుకోవాలి. వినియోగదారు ఆరోగ్యరీత్యా ఇది అవసరమే. అయితే చీటీ రాయడం, పరీక్షకు పంపడం, గడువు తేదీ వేయడం నగరంలోని చదువుకున్న వ్యాపారికి చిన్న పని, మాచనూరు రైతుకు పెద్ద పని. ఈ తేడా వల్ల పల్లె ముడిసరుకు సరఫరాదారు స్థాయికి దిగిపోయి, పొట్లం మీది పేరు నగరానిదయ్యే ప్రమాదం ఉంది.

ఆండీస్ పర్వత ప్రాంతపు కీన్వా ధాన్యం అనుభవం ఇక్కడ గుర్తుచేసుకోదగింది. 2013ను అంతర్జాతీయ కీన్వా సంవత్సరంగా ప్రకటించారు. ఆ చుట్టుపట్ల ధర ఎంతో పెరిగింది. ఇతర దేశాలు సాగు మొదలుపెట్టాక కొద్ది సంవత్సరాలలోనే ధర పడిపోయి బొలీవియా, పెరూ చిన్నరైతులు దెబ్బతిన్నారు. విపణి మోజు మీద మాత్రమే నిలిచిన పంటకు అది హెచ్చరిక. జహీరాబాద్ సంఘాలు ముందు ఇంటికి, తరవాత ఊరికి, మిగిలినది అంగడికి అన్న క్రమాన్ని పట్టుబట్టి నిలపడంలోని వివేకం ఈ నేపథ్యంలో అర్థమవుతుంది.

8. పేరు మీద హక్కు

1999లో చేసిన భౌగోళిక గుర్తింపుల చట్టం 2003 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. తెలుగు ప్రాంతాల ఆహారపదార్థాలలో తిరుపతి లడ్డు 2009లో, హైదరాబాదీ హలీం 2010లో, బందరు లడ్డు 2017లో, తాండూరు కంది 2022లో, ఆత్రేయపురం పూతరేకులు 2023లో ఈ గుర్తింపు పొందాయి. వీటిలో హక్కుదారులు ఒకే రకం వారు కారు. తిరుపతి లడ్డుపై హక్కు ఒకే సంస్థది. హలీం, పూతరేకుల హక్కు తయారీదారుల సంఘాలది. తాండూరు కంది వెనుక ఉన్నది రైతులు.

చట్టం స్థలాన్ని కాపాడుతుంది. ఆత్రేయపురం వెలుపల చేసిన రేకును ఆత్రేయపురం పేరుతో అమ్మరాదని చెబుతుంది. కాని ఆత్రేయపురం లోపల రేకు తీసే స్త్రీకి, చుట్టి అమ్మే దుకాణదారుకు మధ్య పంపకం ఎలా ఉండాలో చెప్పదు. మంట ముందు కూర్చుని రేకు తీసే నైపుణ్యమే ఆ పేరుకు మూలం. ఆ నైపుణ్యానికి రేకుల లెక్కన కూలి దక్కుతుంది, పేరు వల్ల వచ్చే అదనపు విలువ దుకాణం దగ్గర ఆగుతుంది. బయటి అనుకరణ నుంచి రక్షణ, లోపలి న్యాయం అనేవి రెండు వేర్వేరు సమస్యలు. మొదటిదానికి చట్టం చాలు. రెండవదానికి ముల్కనూరు తరహా సంఘటన కావాలి.

2020లో కేంద్రం ప్రారంభించిన సూక్ష్మ ఆహారశుద్ధి సంస్థల పథకం జిల్లాకు ఒక ఉత్పత్తి అన్న విధానాన్ని స్వీకరించింది. జపానులోని ఓయిత ప్రాంతంలో 1979లో గవర్నరు హిరమత్సు ప్రారంభించిన ఊరికి ఒక ఉత్పత్తి ఉద్యమం ఈ తరహా ఆలోచనకు పూర్వరూపం. అక్కడ ఏ వస్తువన్నది ఊరు ఎంచుకొంది. పైనుంచి జిల్లాకు ఒక వస్తువును కేటాయించినప్పుడు, ఇరవై పంటలు కలిపి వేసే జహీరాబాద్ చేను ఆ జాబితాలో ఒదగదు. ఒకే చేతిలో వైవిధ్యాన్ని నిలుపుకొన్న సముదాయాన్ని ఒకే వస్తువు పేరుతో గుర్తించబూనడం దాని ప్రాణాన్ని విస్మరించడమే.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. చిన్న ఉత్పత్తిదారులు పక్కపక్కన ఉన్నంత మాత్రాన సముదాయం కాదు. పనిని విడదీసుకోవడానికి వీలు, ఉమ్మడిగా వాడుకొనే యంత్రం, ఉమ్మడిగా కాపాడుకొనే పేరు, లెక్క అడగగల సంఘం అనే నాలుగు అంశాలు కలిసినప్పుడు అది పోటీశక్తి గల సముదాయమవుతుంది. ఆత్రేయపురంలో మొదటిదీ మూడవదీ బలంగా ఉన్నాయి. జహీరాబాదులో నాలుగవది బలంగా ఉంది, రెండవది ఆలస్యమైంది. ముల్కనూరులో రెండవదీ నాలుగవదీ ఉన్నందువల్ల ప్రసిద్ధ వస్తువు లేకున్నా అది నిలిచింది.

సైబరాబాద్ విపణి ఈ సముదాయాలను సృష్టించలేదు. అప్పటికే ఉన్న నైపుణ్యానికి గిరాకీ కల్పించి, వేగం పెంచి, అదే సమయంలో పేరును ఉత్పత్తిదారు నుంచి వేరుచేసే ఒత్తిడి తెచ్చింది. తృణధాన్యం సిరిధాన్యమైంది. ఆ సిరి పొట్లం కట్టినవారిదా, గింజ దాచినవారిదా అన్నది పొట్టు తీసే మర ఎవరి ఊరిలో ఉంటుందన్న దానిపై, పొట్లం మీద ఎవరి పేరు ఉంటుందన్న దానిపై ఆధారపడుతుంది.

తెలుగు పరిశోధనకు ఇక్కడ చేయవలసిన పని ఉంది. రేకు తీయడం నుంచి విత్తనం దాచడం దాకా ఈ వృత్తులకు సంబంధించిన పదజాలాన్ని మాండలికాలవారీగా సేకరించాలి. ఆ మాటలను ఎరిగినవారు ప్రధానంగా వయసు మళ్ళిన స్త్రీలు. భౌగోళిక గుర్తింపు దరఖాస్తులో ఒక వస్తువు ఫలానా ప్రాంతానిదని రుజువు చేయవలసి వచ్చినప్పుడు వృత్తిపదకోశం సాక్ష్యంగా నిలుస్తుంది. అప్పుడు నిఘంటువు పని కూడా ఆ స్త్రీల హక్కుకు అండ అవుతుంది.